నూకరత్నం పుస్తకంలో నేను పట్టిన తప్పులు

పన్నెండేళ్లు దాటింది దీన్ని మోయబట్టి. బియ్యం బస్తా అయితే ఎక్కడో ఒకచోట దించి నడుము నిమురుకోవచ్చు. దీన్ని దించడానికి చోటు దొరకలేదు. ఇంట్లో చెబితే మా ఆయన నవ్వేస్తాడు, పుస్తకం గొడవకి ఇంత రాద్ధాంతమా అంటాడు. ఆ నవ్వు నాకు పనికిరాదు. అందుకని మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. మధ్యలో అయ్యోపాపం అనకండి. ఆ మాటంటే నాకు చిరాకు.

నేను కథలు రాస్తాను. పత్రికలో పుస్తకాల మీద సమీక్షలూ రాస్తాను. ఏ సంఘంలోనూ లేను, ఏ సభలోనూ శాలువా కప్పించుకోలేదు. చదివింది ఐదో తరగతి, తగరపువలస దగ్గర మా ఊరి బళ్లో. పెళ్లయి కంచరపాలెం వచ్చాక, కొట్లో పప్పూ బెల్లం కట్టిచ్చిన కాగితాలు చదివి చదివి మిగతా తెలుగు నేర్చుకున్నాను. మా ఆయన పోర్టులో కలాసీ. అక్కడ పనికిరావని పారేసే ఫారాలు నాకోసం తెచ్చేవాడు. వెనకవైపు ఖాళీగా ఉండేది. ఖాళీ కాగితం పారేస్తే నాకు ఒళ్లు మండుతుంది, వాటిమీదే రాసేదాన్ని. "అయ్యా, కథ ఏ వైపున ఉన్నదో దయచేసి తెలుపగలరు" అని సంపాదకుడు ఒకసారి ఉత్తరం రాశాడు. అయ్యా అనడానికి కారణం ఉంది. నేను మగపేరుతో రాసేదాన్ని. ఐదో తరగతి ఆడదాని మాట ఎవరు లెక్కపెడతారు?

నా మొదటి కథ తిరిగొచ్చినప్పుడు దాని నిండా ఎర్రగీతలు. 'నాను' కింద ఒకటి, 'ఏటి' కింద ఒకటి, 'ఎల్లిపోనాడు' కింద రెండు. "ముందు భాష సరిచూసుకోండి" అని అంచున రాసుంది. మా అమ్మ మాట్లాడిన మాటలవి. నేను పొద్దున్న లేచింది మొదలు మాట్లాడే మాటలు. ఆ గీతలు చూసి సిగ్గుతో చచ్చిపోయాను. పాత క్యాలెండర్ అట్ట తీసుకుని ఎడమవైపు తప్పు, కుడివైపు ఒప్పు రాసుకుని వంటింట్లో వేలాడదీశాను. పప్పు ఉడికేలోగా ఒక వరస వల్లెవేసేదాన్ని. ఏడాదికి నా కథల్లో ఎర్రగీత లేదు. నా కథల్లో మా ఊరూ లేదు. అప్పుడది నాకు తట్టలేదు. తట్టి ఉంటే ఒప్పుకునేదాన్నా? లేదు.

స్టీలు ప్లాంటు కోసం ఊళ్లు ఖాళీ చేయిస్తున్న రోజుల్లో నూకరత్నం పుస్తకం వచ్చింది. ఆవిడది సముద్రం ఒడ్డు ఊరు, చేపలు పట్టే కుటుంబం. తన కథలు తనే అచ్చు వేయించుకుంది. బొమ్మ లేని అట్ట, పలచని కాగితం. అప్పటికి సమీక్షకొచ్చే పుస్తకాలతో విసిగిపోయి ఉన్నాను. పంపినవాళ్లందరూ అరుణోదయాల మీద రాసేవాళ్లే, ఒక్కరికీ ఇంట్లో పొయ్యి ఉన్నట్టు కనబడేది కాదు. ఇదీ అంతేననుకుని పొయ్యి మీద అన్నం పెట్టి తెరిచాను.

మొదటి కథ మొదటి వాక్యం ఇది: "నాను వల పట్టుకున్నాను, మా తోడికోడలు కత్తి పట్టుకుంది." అన్నదమ్ములు వేరుపడుతూ వలని కూడా సగానికి కోసి పంచుకునే కథ. అన్నం మాడింది. నా ఇంట్లో అన్నం మాడడం ఎప్పుడూ లేదు. మాడు వాసన వచ్చినా లేవలేదు.

చదివి ఆనందపడ్డానా? కోపం వచ్చింది. నేను అట్ట మీద ఎడమవైపు పెట్టి పారేసుకున్న మాటలన్నీ ఏరుకుని ఈవిడ ఇల్లు కట్టేసింది. అంత బాగా నేను రాయలేను. ఆ సంగతి నాకు పదో పేజీలోనే తెలిసిపోయింది.

సమీక్ష ఇలా రాశాను: "రచయిత్రికి భాషాపరిజ్ఞానం కొరవడినది. అచ్చుతప్పులు అసంఖ్యాకం. తదుపరి ముద్రణలో సవరించుకొనుట మేలు." దాని కింద పట్టిక ఇచ్చాను. నాను అన్నచోట నేను. ఏటి అన్నచోట ఏమిటి. నేదు అన్నచోట లేదు. అవి అచ్చుతప్పులు కావని నాకు తెలియదా? ఆ పట్టిక రాస్తూనే మా మనవరాలిని కసిరాను, "ఏటే ఆ అల్లరి, నాను రాసుకుంతన్నాను కనబడదేటి" అని. ఆ నోటితోనే. ఆ చేత్తోనే.

నెలన్నర పోయాక ఆవిడ మా గుమ్మంలోకి వచ్చింది. సమీక్షకి పుస్తకాలు పంపమని పత్రికలో ఇచ్చిన చిరునామా పట్టుకుని వెతుక్కుంటూ వచ్చింది. ఎండలో నడిచొచ్చి ముఖం కందిపోయింది.

"పుస్తకాల మీద రాసే బాబుగారిల్లు ఇదేనా అమ్మా?"

"ఇదే. ఏటి పని?"

"నాను నూకరత్నాన్నమ్మా. పుస్తకం అంపించాను కదా. బాబుగారున్నారా?"

రాసింది నేనే అని అనడానికి ఎంతసేపు పడుతుంది? "డూటీకెల్లిపోనాడు" అన్నాను. అలా మా ఆయన్ని సమీక్షకుణ్ణి చేసేశాను. ఆయన జన్మలో సినిమా పోస్టరు తప్ప ఏదీ చదవలేదు.

ఆవిడ సంచిలోంచి పుస్తకం తీసింది. "తప్పులన్నీ దిద్దీసినానమ్మా. బాబుగారి పట్టీ ఎదరెట్టుకుని మా ఆయనా నానూ కూకుని, అమ్ముడవకుండా ఉండిపోయిన పుస్తకాలన్నిట్లోనూ కలంతో దిద్దీసినాం. నాను కొట్టీసి నేను అని రాసినాం." అని నవ్వింది. "దిద్దినాక మా అత్తకి సదివి ఇనిపిత్తే, ఈ నేను ఎవుర్తే, మనింటి మనిసి కాదు, కతలోకి ఎలగొచ్చింది, అనడిగిందమ్మా."

నాకు నవ్వు రాలేదు. "ఆయనొచ్చినాక నాను సెప్తాన్లే" అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూసింది. "మీరూ నాను అనే అంతారేటమ్మా! మరి బాబుగారు మిమ్మల్నేటీ అనడా?"

"ఆయనది సదువుకున్న నోరు."

"అలగైతే ఒకటడగండమ్మా. నానింక రాయొచ్చా, మానీమంతాడా? ఇంకో కత మొదలెట్టినాను. ఆయన మానీమంతే మానెత్తాను. రాయమంతే దిద్దుకుని రాత్తాను."

చూడండి, ఎంత సులువుగా నా చేతిలో పెట్టిందో. రాయి అంటే చాలు. రెండు అక్షరాలు. పైసా ఖర్చు లేదు. ఇంత పొదుపు మనిషిని, ఆ రెండు అక్షరాలు కూడా దాచుకున్నాను.

"అడగక్కర్నేదు" అన్నాను. "నీ పుస్తకం సదివినప్పుడే అన్నాడు. నీకు రాత అబ్బదన్నాడు."

ఆవిడ ఏడవలేదు. "మంచిదమ్మా, బాబుగారిది పెద్ద మనసు, ఉన్నది ఉన్నట్టు సెప్పినాడు" అంది. దిద్దిన పుస్తకం నా చేతిలో పెట్టి మంచినీళ్లయినా అడక్కుండా వెళ్లిపోయింది. నేనూ ఇస్తానని అనలేదు.

పుస్తకం తెరిచాను. పేజీకి పది కొట్టివేతలు. నీలం సిరా, గుండ్రటి అక్షరాలు, ఒక్కటి వదల్లేదు. "నేను వల పట్టుకున్నాను" అని ఉంది. ఎవరో గుమాస్తా ఆఫీసు పనిమీద వచ్చి వల పట్టుకున్నట్టుంది. కథ చచ్చిపోయింది. చంపిన చేతికి అది చూపించడానికి ఆవిడ ఎండలో నడిచొచ్చింది. పట్టిక మొత్తం బుద్ధిగా అమలు చేసి పెట్టింది! ఒక్కచోటైనా నాతో పోట్లాడి ఉండకూడదా? పోట్లాడి ఉంటే నాకీ బాధ తప్పేది. చూశారా, ఇప్పుడు కూడా తప్పు ఆవిడ మీదికే తోస్తున్నాను.

ఆ తర్వాత ఆవిడ పేరుతో ఏ పుస్తకమూ రాలేదు. పత్రికల్లో ఒక్క కథా కనబడలేదు. ప్రతి నెలా వెతికాను. మొదట రాలేదని కుదుటపడడానికి వెతికాను. తర్వాత రావాలని వెతికాను.

అక్కడితో అయిపోతే ఒక ఎత్తు. కొన్నేళ్లకి కాలం తిరగబడింది. మట్టి వాసన కావాలి, మాండలికం కావాలి అని సంపాదకులే అడగడం మొదలుపెట్టారు. వీళ్లకి ఎప్పుడేం కావాలో వీళ్లకే తెలీదు. నేను వంటింట్లో ఆ పాత క్యాలెండర్ అట్ట తిరగేశాను. ఎడమవైపు మాటలతో రెండు కథలు రాశాను. ఆ రెండింటికీ ఎంత పేరొచ్చిందో! "మన ప్రాంతపు నుడిని కథలోకి మొదటగా తెచ్చినవాడీయన" అని ఒక సమీక్షకుడు రాశాడు. మనవరాలు అది పైకి చదివి, "అమ్మమ్మా, నిన్ను వాడన్నారు" అని పడి పడి నవ్వింది. నేను ఆ 'మొదటగా' అన్న మాటే మళ్లీ చదివించుకున్నాను. మొదట తెచ్చింది ఎవరో ఆ సమీక్షకుడికి తెలీదు. తెలియకుండా చేసింది నేను. ఒక కార్డు ముక్క రాసి దిద్దవచ్చు. ఊళ్లోవాళ్లందరి పుస్తకాల్లో తప్పులు దిద్దేదాన్ని, ఆ ఒక్కటీ దిద్దలేదు.

ఎందుకు చేశాను? ఎర్రగీతలు నాకూ గీశారు కదా అని చాలా ఏళ్లు సమాధానం చెప్పుకున్నాను. ఆ సమాధానం నిలబడదు. నాకు గీసినవాడు నా భాష తెలియక గీశాడు. నేను తెలిసి గీశాను.

ఆవిడ ఊరు నాకు తెలుసు. బస్సెక్కితే గంట దారి. వెళ్లి చెప్పొచ్చు కదా అంటారు. వెళితే ఆవిడ "పోన్లెండమ్మా" అంటుంది, అలాంటి మనిషి. పైగా చేపల పులుసుతో అన్నం పెడుతుంది. అది తిని, ఆ మాట పుచ్చుకుని, తేలిగ్గా ఇంటికి రావడానికి నాకు హక్కు లేదు.

అందుకని ఇక్కడే చెబుతున్నాను. నూకరత్నం పుస్తకంలో ఒక్క అచ్చుతప్పు కూడా లేదు. సమీక్ష రాసింది మా ఆయన కాదు, గుమ్మంలో ఆవిడకి బదులు చెప్పిన ఆ ఆడమనిషే. రాత అబ్బదన్న మాట కూడా ఆ మనిషిదే. ఇది అచ్చయితే ఆవిడ కంటపడవచ్చు. పడాలనే రాస్తున్నాను. పడుతుందేమోనని భయంగానూ ఉంది. ఇంతసేపూ ఏదీ దిద్దడానికి చెయ్యి ఎక్కడా ఆగలేదు, అదే నాకు ఆశ్చర్యం.