గుట్ట మీద ఓటింగు

నిరుడు చలికాలంలో పుప్పాలగూడలోని మా అపార్ట్‌మెంటు వాళ్లు అనంతగిరి గుట్టలకు బస్సు మాట్లాడారు. "చాలా ఈజీ వాక్ అంకుల్, చిన్నపిల్లలు కూడా నడుస్తారు" అని పై అంతస్తులో ఉండే సాఫ్ట్‌వేర్ మేనేజరు కిరణ్ హామీ ఇచ్చాడు. టిఫిన్ నడక అయ్యాకే అని ఇడ్లీ డబ్బాలన్నీ బస్సులోనే ఉంచేశాడు. నా భార్య సుగుణ మాత్రం షుగరు మాత్ర ఇంట్లోనే వేసుకుని వచ్చింది.

తిరుగు నడకలో బాట రెండుగా చీలింది. కిరణ్ వెంటనే వాట్సాప్ గ్రూపులో ఓటింగు పెట్టాడు: కుడివైపా, ఎడమవైపా? అందరం భుజాలు తగిలేంత దగ్గరగా నిలబడి ఉన్నాం. చేతులెత్తితే తేలిపోయేది. సిగ్నల్ వస్తూ పోతూ ఉండటంతో మేధావులంతా బండలెక్కి ఫోన్లను ఆకాశానికి చూపించసాగారు.

ఇంతలో సుగుణకు చెమటలు పట్టి, చేతులు వణికాయి. బండ మీద కూలబడింది. అప్పుడే కుడివైపు పొదల వెనక మా బస్సు హారన్ మోగింది.

"బాబూ, బస్సు అటే ఉంది!" అని అరిచాను.

"ఒక్క నిమిషం అంకుల్, ఇంకా ముగ్గురు ఓటెయ్యాలి" అన్నాడు కిరణ్.

సుగుణ నా భుజం పట్టుకుని లేచింది. "మీ ఓట్లు మీరేసుకోండ్రి బిడ్డా. నేనైతే ఇడ్లీల దిక్కు పోతున్న."

కాసేపటికి మేధావులూ మా వెనకే వచ్చారు. బస్సులో అరటిపండు, ఇడ్లీ తిన్నాక ఆమె తేరుకుంది.

ఊరు దగ్గరపడ్డాక సిగ్నల్ కుదిరి ఫలితం తేలింది. మెజారిటీ ఎడమవైపే! ఆ కిందే "అందరి సహకారంతో వాక్ విజయవంతం" అని కిరణ్ సందేశం.

ఇప్పుడు ఎవరు ఈజీ వాక్ అన్నా సుగుణ ముందుగా ఒక్కటే అడుగుతుంది: "టిఫిన్ ఎవరి చేతిల ఉంది?"