నేల మీద కూర్చునే మోకాలి కోసం మూడు జిల్లాలు

మా ల్యాబులో ఒక యంత్రం ఉంది. పగలూ రాత్రీ నడుస్తూనే ఉంటుంది, ఎక్కడికీ పోదు. దానికి కృత్రిమ మోకాలు బిగిస్తాం: పైనా కిందా లోహం, మధ్యలో పాలిథిలీన్ అనే గట్టి ప్లాస్టిక్ ముక్క. కీళ్లలోని జిగురుకు బదులు దూడ రక్తం నుంచి తీసిన ద్రవం పోసి, లక్షల అడుగులు నడిపించి, ఆ ముక్క ఎంత అరిగిందో తూచడం నా ఉద్యోగం. నా గొడవల్లా ఒకటే. ఆ యంత్రానికి నడక తప్ప ఇంకేమీ రాదు. మనవాళ్లేమో బాసింపట్టు వేసుకుంటారు, గొంతుక్కూర్చుంటారు. కొత్త రకం ముక్క దాన్ని తట్టుకుంటుందో లేదో ఎవరూ చూడకుండానే మనుషుల కాళ్లలోకి వెళ్లబోతోంది. "ఆపరేషన్ అయినవాళ్లు కింద కూర్చోరు. కూర్చుంటారంటావా, కొలతలు పట్టుకురా. లేకపోతే సోమవారం యంత్రానికి పాత నడక ప్రోగ్రామే పెట్టేస్తాం" అన్నాడు మా టీం లీడర్. నాకు పంతం వచ్చింది. తెలిసిన డాక్టరు ద్వారా, మోకాలి మార్పిడి ఆపరేషన్ అయిన ముగ్గురు కొలతలకు ఒప్పుకున్నారు. షరతు ఒక్కటే: కింద కూర్చోమని నేను అడగకూడదు. డాక్టరు వద్దన్న పని చేయించే హక్కు మాకు లేదు. వాళ్లు రోజూ చేసేది చేస్తుంటే, తొడకూ పిక్కకూ కట్టిన బెల్టులు మోకాలి వంపునూ మెలికనూ కొలిచి నా ఫోనులో గీతగా చూపిస్తాయి.

గురువారం ఆరింటికి ఉప్పల్‌లో బస్సెక్కితే ఎనిమిదిన్నరకల్లా జనగామ. ఆడవాళ్లకు ఎక్స్‌ప్రెస్‌లోనూ టికెట్ ఉచితమే. అక్కడి నుంచి లింగాల ఘనపూర్‌కు ఆటో. మొదటి మనిషి ఒక రైతు బాపు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. "డాక్టర్ సారు చెప్పినట్టే ఉంటున్న బిడ్డా. కింద కూసుండుడే లేదు" అన్నాడు. మంచం పక్కన సగం పేనిన తాడూ, చిన్న పీటా కనిపించాయి. నేను చూస్తుండగానే ఆయన పీటను కాలితో మంచం కిందికి తోసేశాడు. రెండు గంటలు కొలిచినా కుర్చీలో వంగినంతే వచ్చింది.

మధ్యాహ్నం జనగామ నుంచి తొర్రూరు, అక్కడ బస్సు మారి నెల్లికుదురు. అక్కడి అక్క గట్టు మీది గ్యాసు పొయ్యి దగ్గర నిలబడి సర్వపిండి కాల్చి పెట్టింది. అంత కమ్మటిది నేనెక్కడా తినలేదు. నేల మీది కట్టెల పొయ్యిలో నిప్పు ఇంకా ఆరలేదు. దాని మీద ఎవరు వండారని అడిగాను. "మా కోడలు" అంది. ఇంట్లో కోడలి జాడ లేదు. ఇక్కడా బెల్టులు నిలబడ్డ కాలినే కొలిచాయి. మహబూబాబాద్‌లో సాయంత్రం రైలెక్కి వరంగల్ చేరి, హనుమకొండలో పడుకున్నాను. చేతులూపుకుంటూ ఇంటికెళ్లడమేనని దిగులేసింది.

శుక్రవారం పొద్దున్నే పరకాల మీదుగా భూపాలపల్లి, మళ్లీ బస్సు మారి కాటారం. మూడు గంటల పైనే పట్టింది. అక్కడి అవ్వ నాకో కుర్చీ, తనకో కుర్చీ వేయించింది. అదే వరస. కట్టిన బెల్టులు ఊరికే ఉన్నాయి. భోజనాల వేళ కంచం చేతికి వచ్చింది. ఒళ్లో పెట్టుకుని తినడం నాకు చేతకాదు. అలవాటుగా నేల మీద కూర్చుని పప్పు కలుపుకున్నాను. అవ్వ ముఖం మారిపోయింది.

"నువ్వు కింద కూసోని తింటుంటే, నేను కుర్చీల కూసుందునా?" అంటూ గోడ పట్టుకుని లేచి, ఎడమ కాలు మడిచి, ఆపరేషన్ అయిన కుడి మోకాలిని పక్కకు తిప్పి, నా ఎదురుగా చతికిలబడింది. "అవ్వా, వద్దు. డాక్టరు వద్దన్నాడు కదా" అన్నాను.

"దినాం గిట్లనే కూసుంట. కుర్చీ సుట్టాలొస్తెనే" అంది అన్నం కలుపుకుంటూ. "నువ్వు దవాఖానోళ్ల మనిషివాయె. కోపం జేస్తవేమోనని జర పైన కూసున్న."

ఫోనులో గీత కుర్చీ వంపు దాటి సర్రున పైకి పోయింది. వంపుతో పాటు మెలిక కూడా. మా యంత్రం ఏనాడూ చూడని మెలిక అది. ఎంగిలి చేత్తోనే అవ్వ చెయ్యి పట్టుకున్నాను. ఆనందం ఆపుకోలేకపోయాను.

అప్పుడు అర్థమైంది, మిగతా ఇద్దరూ నన్ను ఎవరనుకున్నారో. వాళ్లకు ఫోన్ చేసి, "నేను తప్పులు పట్టడానికి రాలేదు. ఆ ముక్క మీ కూర్చోవడాన్ని తట్టుకోవాలి, అందుకే వచ్చాను" అని చెప్పాను. నెల్లికుదురు అక్క పగలబడి నవ్వింది. "నిన్ననే చెప్తె అయిపోయేది గదా. రా, పొయ్యి కాడ్నే కూసుంట." శనివారం వచ్చిన దారినే వెనక్కి వెళ్లాను. అక్క పొయ్యి ముందు గొంతుక్కూర్చుంది. బాపు పీట బయటకు లాగి తాడంతా పేనేశాడు. సోమవారం ముగ్గురి గీతలూ బల్ల మీద పరిచాను. టీం లీడర్ వాటిని చూసి పాత ప్రోగ్రాం తీసేయించాడు. నేను గెలిచాను.

కొలిచేవాళ్లు ఎదురుగా ఉంటే మనుషులు తమను కాక తమ మర్యాదను చూపిస్తారు. ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకు ఒకటే సలహా: గడప దాటకముందే ఎందుకొచ్చారో పూర్తిగా చెప్పండి. ఇప్పుడు యంత్రం కింద కూర్చుని లేస్తోంది, ముక్క ఎంత అరుగుతుందో తేలడానికి నెలలు పడుతుంది. నిన్న కాటారం అవ్వ ఫోన్ చేసింది. "నేను పాసయిన్నా బిడ్డా?" పరీక్ష ఆమెకు కాదనీ, ఆ ముక్కకనీ చెప్పాను. ఆమె అంది: "అయితే గదే పాస్ గావాలె. నేనైతే కూసుంటనే ఉంట."