ఐలవ్వకు రాని శిగం

ఇరవై ఏళ్లుగా ఎల్లమ్మ తల్లి ఐలవ్వ నోట పలుకుతూ ఉంది. ఆ పలుకు కాలనీ అంతా విన్నది. విననిది ఐలవ్వ ఒక్కతే.

గోదావరిఖనిలో బొగ్గుబాయి పనివాళ్ల క్వార్టర్ల వరుసలో చివరి ఇల్లు వాళ్లది. భర్త సదయ్యది బాయి లోపల పైకప్పు కింద దుంగలు నిలబెట్టే పని. పుట్టిన పిల్లలిద్దరూ పురిట్లోనే పోయినాక, ఓదెల మల్లన్న దగ్గర ఒగ్గు పూజారులు నేల మీద రంగుల ముగ్గుతో పట్నం వేసి డోలు కొడుతుంటే, జనంలో నిలబడి చూస్తున్న ఐలవ్వ ఉన్నట్టుండి జుట్టు విరబోసుకొని ఊగింది. అదే మొదటి శిగం. మీదికి వచ్చింది మల్లన్న కాదు, ఎల్లమ్మ అని అక్కడున్న, దేవుడు పూనే ముసలి శివసత్తి తేల్చి చెప్పింది. ఐలవ్వ నొసట పసుపు బండారి రాసి, మెడలో గవ్వల దండ వేసి, "ఇగ నువ్వు తల్లి మనిషివి బిడ్డా" అంది.

అప్పటి నుంచి మంగళవారం, ఆదివారం వాకిలి నిండేది. దడుచుకున్న పిల్లలకు ఈబూది పెట్టేది, దిష్టి తీసేది, దారం కట్టేది. శిగం వచ్చిన రోజు అడిగినవాళ్లకు వాక్కు చెప్పేది. ఒకసారి ఒకాయన తన మీది సర్దారుకు చేతబడి చెయ్యమని నిమ్మకాయలు, కోడిగుడ్డు పట్టుకొచ్చాడు. ఆయన్ను చీపురు తిరగేసి గేటు దాకా తరిమింది. తల్లి పేరు చెప్పి చెడ్డ పని చేసే మంత్రగాళ్లంటే ఆమెకు ఒళ్లు మంట.

శిగం దిగినాక ఐలవ్వకు ఏమీ గుర్తుండేది కాదు. సదయ్య చెంబుతో నీళ్లు పట్టుకొని పక్కనే కూచునేవాడు. తాగించి, చెంగుతో మొహం తుడిచి, ఎవరికి ఏం చెప్పిందో ఒక్కొక్కటీ చెప్పేవాడు.

"నేను గట్లన్ననా?"

"నువ్వెక్కడన్నవే? అన్నది తల్లి."

అంతే. ఆ మాటతో ఆమెకు మనసు తేలికయ్యేది.

రెండువేల ఎనిమిది శ్రావణంలో, ఒక బుధవారం మొదటి షిఫ్టులో, పొద్దున పదకొండు కావస్తుండగా బాయి లోపల బండ పడింది. పనిచేసే చోటికీ బయటికి వచ్చే దారికీ మధ్యన కప్పు కూలింది. అవతల నలుగురు చిక్కుకున్నారు. సదయ్య, సారవ్వ కొడుకు కొమురెల్లి, కొత్తగా పనిలో చేరిన అంజి, యమున మొగుడు వేణుమాధవ్. యమునకు ఇరవై మూడేళ్లు. అప్పటికి కడుపుతో ఐదో నెల.

సైరన్ విని ఐలవ్వ పొయ్యి మీద అన్నం అట్లనే వదిలి ఉరికింది. గేటు దగ్గర జనం. లోపలికి పోనియ్యరు. రెస్క్యూ మనుషులు దిగుతున్నారు, ఎక్కుతున్నారు. ఎక్కినవాళ్ల మొహాల్లోకి చూస్తే వాళ్లు చూపు తిప్పుకుంటున్నారు. ఒక ఆఫీసరు వచ్చి, "బండ తీస్తున్నం, కొట్టి చూస్తున్నం, లోపటి నుంచి సప్పుడు రాలే. రాలేదంటే లేరని కాదమ్మా" అని చెప్పి పోయాడు. ఆ మాటను ఆడవాళ్లు పట్టుకొని కూచున్నారు. బుధవారం పోయింది, గురువారం పోయింది. వాన పడితే రేకుల షెడ్డు కిందికి జరిగారు, ఆగితే మళ్లీ గేటు దగ్గరికి వచ్చారు. యమున పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు.

శుక్రవారం మధ్యాహ్నం సారవ్వ లేచి ఐలవ్వ ముందుకు వచ్చింది. అరవై ఏళ్ల మనిషి, మూడు రోజుల్లో నడుం వంగిపోయింది. చంకలో వేపమండలు, గుప్పిట్లో బండారి.

"చెల్లె, దొరలను అడిగి సాలయ్యింది. ఇగ తల్లినే అడుగుదాం."

ఈ మాట ఎవరైనా అంటారని ఐలవ్వకు మొదటి రోజు నుంచీ భయమే. మూడు రోజులుగా లోపల లోపల తల్లిని పిలుస్తూనే ఉంది. పిలిస్తే ఎప్పుడూ వెన్నులో సన్నగా వణుకు మొదలయ్యేది, అరికాళ్లు మండేవి. ఇప్పుడు ఏమీ లేదు. ఒళ్లు తడిసిన గోనెసంచి లెక్క పడి ఉంది.

"నాతోటి అయితలేదక్కా. నా పెనిమిటి గూడ లోపట్నే ఉన్నడు."

"అందుకే తల్లి ఇంక జల్ది వస్తది. నీ కోసమన్న రాదా?"

షెడ్డు వెనక నేల అలికారు. దీపం పెట్టారు. తల్లి పేరున నేల మీద సాక ధార పోశారు. అంజి తండ్రి ఊరి నుంచి డప్పు తెప్పించాడు. ఐలవ్వ జుట్టు విప్పుకొని, వేపమండలు రెండు చేతుల్లో పట్టుకొని నిలబడింది. డప్పు మొదలైంది. ఆమె కళ్లు మూసుకుంది.

రాలేదు.

డప్పు వేగం పెంచారు. ఆమె కాళ్లు నొప్పులు పుట్టాయి. చెమట నొసటి బండారిని కరిగించి కంట్లోకి దింపింది, మండింది. ఆ మంట గూడా కళ్ల మంటే, అంతకు మించి ఏమీ కాదు. పక్కనోళ్ల దగ్గు వినపడుతోంది, దూరంగా లారీ గేరు మార్చిన చప్పుడు వినపడుతోంది. శిగంలో ఇవి వినపడవు. తల్లీ, నేనేం తప్పు చేసిన? ఊరందరికీ వచ్చినవు, నాకెందుకు రావు? నన్ను చూస్తలేవా?

అప్పుడు యమున వచ్చి పాదాల మీద పడింది. రెండు చేతులతో కాళ్లు పట్టుకొని, బురదలో మొహం ఆనించి, "అత్తా, ఒక్క మాట. ఉన్నరా లేరా, ఒక్క మాట చెప్పు. నేను తట్టుకోలేనత్తా. కడుపుల పిల్ల మెసల్తలేదు" అంది.

ఐలవ్వ వంగి చూసింది. ఆ పిల్ల జడలో బుధవారం పెట్టుకున్న పూలు అట్లనే వాడి ఉన్నాయి.

ఏం చేస్తున్నదో ఐలవ్వకు పూర్తిగా తెలుసు. తెలిసే మెడ విదిల్చింది. తెలిసే పళ్లు కొరికింది. భుజాలు ఊపింది, ఊగింది, గొంతు మార్చి అరిచింది.

"ఎందుకేడుస్తున్నరే! నా బిడ్డలు నలుగురున్నరు. నా కొంగు కింద దాసుకున్న. వస్తున్నరు. నలుగురొస్తున్నరు!"

తన గొంతు తనకు వినపడింది. ఇరవై ఏళ్లలో మొదటిసారి.

ఆడవాళ్లు ఒక్కసారిగా ఏడ్చారు, ఆ ఏడుపులో నవ్వు ఉంది. ఐలవ్వ కింద పడింది. అది మాత్రం నటన కాదు, కాళ్లు నిజంగానే నిలవలేదు. సారవ్వ నీళ్లు తాగించి, చెవి దగ్గర నోరు పెట్టి, తల్లి చెప్పింది పూస గుచ్చినట్టు చెప్పింది. ఐలవ్వ తన అబద్ధాన్ని కొత్త కబురు లెక్క వినాల్సి వచ్చింది. "నిజమా అక్కా?" అని గూడా అడిగింది.

సాయంత్రం యమున ఇంటికి పోయి తల స్నానం చేసింది. వేణుమాధవ్‌కు ఇష్టమని సర్వపిండి చేసి, డబ్బాలో పెట్టుకొని తెచ్చింది. తను ఒకటి తిన్నది. "పిల్ల మెసిలిందత్తా" అని ఐలవ్వ చెయ్యి తీసి కడుపు మీద పెట్టుకుంది. ఆ చెయ్యి అక్కడ ఉంచలేక, తీయలేక ఐలవ్వ పడిన యాతన ఎవరికీ కనపడలేదు. ఆ మరుసటి రోజంతా ఆమెకు ఒక్కటే ఆశ. నేను అబద్ధమాడిన గాని, తల్లీ, నువ్వు దాన్ని నిజం చెయ్యి. నా నాలుక కోసుకో, మాట మాత్రం నిలబెట్టు.

ఆదివారం పొద్దున బండ తొలిగింది. నలుగురినీ ఒకరి తర్వాత ఒకరిని తెల్లగుడ్డల్లో పైకి తెచ్చారు. రెస్క్యూలో పనిచేసిన బిక్షం ఐలవ్వ పక్కన కూలబడి, ఊరట కోసమే అన్నాడు. "వదినా, ఎక్కువసేపు కష్టపడలే. బండ పడ్డ ఘడియల్నే అయిపోయింది."

అంటే శుక్రవారం ఆమె ఊగిన నాటికి వాళ్లు పోయి మూడో రోజు.

ఐలవ్వ జనం తన మీదికి వస్తారనుకుంది. రాళ్లతో కొట్టినా పడదామనుకుంది. కానీ పదకొండో రోజు దాటినాక సారవ్వ కొబ్బరికాయ పట్టుకొని వచ్చింది. వెనక ఇంకో పదిమంది ఆడవాళ్లు.

"తల్లి మాట పొల్లు పోలే. నలుగురొస్తరన్నది, నలుగురొచ్చిన్రు. ఒక్కడన్న లోపట మిగిలిపోతే నేనేం గావాలె? కొడుకు మొహం చూసి సాగనంపిన."

ఐలవ్వ సారవ్వ చెయ్యి పట్టుకొని ఆపింది. "అక్కా, ఆ పొద్దు తల్లి రాలే. నేనే అన్న. యమున ఏడుపు చూడలేక నోటికొచ్చింది అన్న."

సారవ్వ కొబ్బరికాయ గడప మీద ఠపీమని కొట్టింది. "నా కొడుకు సంగతి నాకు తల్లి చెప్పింది. కాదనటానికి నువ్వెవలివే?" అని, ముక్కలు ఏరుకోకుండానే వెళ్లిపోయింది. మంగళవారం వాకిట్లో ఎప్పటికన్నా ఎక్కువ జనం ఉన్నారు. ఐలవ్వ తలుపు తియ్యలేదు. ఆ తర్వాత ఎన్ని మంగళవారాలు వచ్చినా తియ్యలేదు.

యమున ఇంటికి తనే పోయింది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. యమున గోడకు ఆనుకొని విన్నది.

"నేను పిండి చేస్తున్నప్పుడు ఆయన..."

"అప్పటికే లేడు బిడ్డా."

"నేను తల స్నానం చేసి, కొత్త చీర కట్టుకొని..." ఆ పిల్ల మాట పూర్తి చేయలేదు. లేచి ఐలవ్వ చెంప మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. మూడోసారి చెయ్యి లేపి, కొట్టలేక, అదే చేతిని తన మొహానికి అడ్డం పెట్టుకుంది. "పో అత్తా. నా కంటికి కనవడకు" అంది.

భర్త పోయినందుకు ఐలవ్వకు బాయి మీద, దిగేవాళ్లకు తలదీపాలు ఇచ్చే గదిలో పని ఇచ్చారు. యమునకు ఆఫీసులో అటెండర్ పని. ఆడపిల్ల పుట్టింది, మైత్రి అని పేరు పెట్టుకుంది. ఒకే గేటులోంచి పోయి వచ్చేవాళ్లు ఇద్దరూ. ఐదేళ్లకు పైగా పలకరింపు లేదు. ఐలవ్వకు మళ్లీ శిగం రాలేదు. వస్తే ఏం చేయాలో గూడా ఆమెకు తెలియలేదు. శిగం వచ్చినన్నాళ్లూ పలికేది తల్లేనని నమ్మింది, ఇప్పుడు ముందు చెప్పినవాటిల్లో ఎన్ని తల్లివి, ఎన్ని తనవి అని తవ్వుకుంటూ కూచునేది. అన్నది తల్లేనని చెప్పే సదయ్య లేడు.

తెలంగాణ వచ్చిన ఎండాకాలం. గేటు బయట బస్సు కోసం బెంచీ మీద ఐలవ్వ ఒక్కతే కూచుంది. యమున వచ్చి అదే బెంచీకి అటు చివర కూచుంది. రోడ్డు వైపు చూస్తూనే అడిగింది.

"అత్తా. బిక్షం అన్న చెప్పింది నిజమేనా? ఆయనకు నొప్పి తెల్వకుండనే పోయిందా?"

అడిగే గొంతు ఆనాడు శుక్రవారం బురదలో అడిగిన గొంతే. అవునంటే చాలు ఆ పిల్లకు. ఐలవ్వ నోట్లో ఆ మాట తయారుగా ఉంది గూడా. ఆమె పెదవి కొరుక్కుంది.

"నాకు తెల్వదు బిడ్డా."

యమున తల ఊపింది. కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. ఐలవ్వ దగ్గరికి జరగలేదు, లేచి పోనూ లేదు. బస్సు వచ్చింది, ఆగింది, పోయింది. ఇద్దరిలో ఎవరూ ఎక్కలేదు.