మంచు మీద ముగ్గు

తేదీ లేని మాటను నేను నమ్మను. కనుక తేదీతోనే మొదలుపెడతాను. గల్ఫ్ యుద్ధం 1991 జనవరి 17, గురువారం మొదలైంది. రియాద్‌లో, మలాజ్‌లోని మా ఫ్లాటు కిటికీలన్నిటికీ విషవాయువు భయంతో ప్లాస్టిక్ కప్పి టేపు అంటించాం. ఆఫీసు మూతపడింది. నాతో పనిచేసే ఎదురింటి కరీంనగర్ ఇంజనీరు భార్యాపిల్లలను ముందే ఊరికి పంపేశాడు. పగలంతా మా గదిలోనే ఉండేవాడు.

కాలక్షేపానికి మిగిలింది ఒక్క వీడియో క్యాసెట్. దేశం విడిచి వెళ్తూ మా కెనడా సహోద్యోగి దాచమని ఇచ్చినది. 1950లలో జరిగిన మంచుగడ్డపై జారే ఒక అంతర్జాతీయ ఫిగర్ స్కేటింగ్ పోటీని అతని తండ్రి సొంత కెమెరాతో చిత్రించాడట. నలుపు తెలుపు బొమ్మ, శబ్దం లేదు. ఫలితాలకు ముందే తెగిపోతుంది.

అందులోని ఇద్దరు అమ్మాయిలు మా గదిని రెండు పక్షాలు చేశారు. తెల్లగౌను అమ్మాయి గాలిలోకి లేచి గిర్రున తిరిగేది. నల్లగౌను అమ్మాయి ఒంటికాలిపై నెమ్మదిగా ఎనిమిది అంకె గీసి, అదే గీతపై మళ్లీ మళ్లీ జారేది. ఆమె పక్కకు తొలగగానే న్యాయనిర్ణేతలు మంచుపై వంగి ఆ గీతను పరీక్షించేవారు.

"వంగి ఏం దేవులాడుతున్రు వదినా, చెవికమ్మ పోయిందా?" అన్నాడు ఇంజనీరు. "గెలిచేది తెల్లగౌనే. రాసిస్త."

"మూడుసార్లు తిరిగినా గీత ఒక్కటే పడింది, చూడు," అంది నా భార్య. "మెలికల ముగ్గు వేసేవాళ్లకి తెలుస్తుంది అదెంత కష్టమో. నల్లగౌనుదే గెలుపు."

ముగ్గు వారిద్దరి మధ్య పాత తగాదా. మా రెండు గుమ్మాల నడుమ నడవాలో ఆమె రోజూ ముగ్గు పెట్టేది. పిండి తన బూట్లకంటి ఆఫీసు దాకా వస్తోందని అతని ఫిర్యాదు.

"తెల్లగౌను గెలిస్తే నడవాల ముగ్గు బంద్. సరేనా?"

"సరే. నల్లగౌను గెలిస్తే ఆ ముగ్గు నువ్వు పెట్టాలి, మరిదీ. అందరూ చూస్తుండగా."

నన్నడిగితే, మార్కులు చూడనిదే ఏమీ చెప్పనన్నాను.

"పెళ్లిచూపుల్లోనూ ఇంతే. నా పుట్టినతేదీ అడిగారు గానీ మొహం చూడలేదు," అంది ఆమె.

తలుపు కింద తడి తువ్వాలు కుక్కి ఉన్నన్నాళ్లూ ముగ్గు ఎలాగూ లేదు. అయినా ఆమె ప్రతి ఉదయం పిండి డబ్బా మూత తీసి, చూసి, మళ్లీ పెట్టేసేది. ఆ పందెం ఆమెకు ఆట కాదని అప్పుడు గ్రహించాను.

ఫిబ్రవరి 28న కాల్పులు ఆగాయి. వేసవికి ముందు కెనడా మిత్రుడు తిరిగివచ్చి, క్యాసెట్ కోసం మా ఇంటికి వచ్చాడు. టీ అయినా అందించకముందే ఇంజనీరు ఫలితం అడిగేశాడు. నల్లగౌనుకు మొదటి స్థానం, తెల్లగౌనుకు రెండవది అన్నాడాయన. ఆ రోజుల్లో నూటికి అరవై వంతుల మార్కులు గీతలకే. గాలిలో ఎగిరి తిరిగే విన్యాసాలకు మిగిలింది నలభై.

అంకె వినగానే నా సందేహం తీరింది. "అరవై," అన్నాను ఇంజనీరువైపు తిరిగి.

"నువ్వు మళ్ల జెప్పకు అన్నా, నేను ఇన్న."

ఆ శనివారం, అక్కడ వారానికి మొదటి పనిరోజు, అందరూ పనులకు మెట్లు దిగే వేళ, అతను ఆఫీసు దుస్తులలోనే నడవాలో గొంతుక్కూర్చుని చుక్కలు పెట్టాడు. నా భార్య గీత మీద గీత మూడుసార్లు వేయించింది. తర్వాత చేతులు వెనక్కి కట్టుకుని, అచ్చం ఆ న్యాయనిర్ణేతల్లాగే వంగి చూసింది. నేను స్కేటింగ్ లెక్కలో ఆరుకు రెండు మార్కులిచ్చాను.

"రెండేనా అన్నా? ఎగిరి సూపెట్టాల్నా ఏంది?" అంటూ లేచాడు.

"ఎగిరేముందు బూట్లు దులుపుకో మరిదీ," అంది ఆమె. "పిండి ఆఫీసు దాకా వస్తుంది."