మీటరుకు ముక్కు లేదు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. చిన్నప్పుడు కూడా లేదు. నాకు భయమల్లా కంపంటేనే. అన్నంలో వెంట్రుక కనబడితే ఆ పూటకు కంచం ముందు నుంచి లేచిపోతాను. ఒకరు తాగిన గ్లాసు ఎంత తోమి ఇచ్చినా ముట్టను. మా చిల్లకూరులో నన్ను ‘మడి సుబ్బడు’ అని ఏడిపించేవాళ్ళు.

అలాంటివాడికి దేవుడిచ్చిన ఉద్యోగం చూడండి. బోటులో మంచినీళ్ళ ట్యాంకు ఎంత దిగింది, దొడ్డి ట్యాంకు ఎంత నిండింది, రోజూ చూసి పుస్తకంలో రాయడం.

మాది సముద్రం లోతు కొలిచే సర్వే బోటు. ఏడుగురం. సోమవారం బయల్దేరితే శనివారం దాకా నీళ్ళ మీదే. తాగడానికి క్యాన్లు తీసుకెళ్తాం. వంటకు, స్నానానికి, పళ్ళు తోముకోవడానికి ట్యాంకు నీళ్ళే. దొడ్డిలో సముద్రపు నీళ్ళు కొడతాం. అదంతా ఇంకో ట్యాంకులోకి చేరుతుంది. రేవుకొచ్చాక లారీ వచ్చి లాక్కుపోతుంది. వాసన చావడానికి దొడ్డిలో నీలం మందొకటి పోస్తాం. దానిది చవక సబ్బులాంటి తియ్యటి వాసన. అది కంపును చంపదు, కంపుకు పౌడరు రాస్తుంది, అంతే.

నాకంటే ముందు ఆ పని చేసింది ఏసురత్నం అన్న. మైపాడు మనిషి. నాకు పని నేర్పింది ఆయనే. రోజూ సాయంత్రం నాలుగింటికి మంచినీళ్ళ ట్యాంకు మూత తీసి కొలకర్ర ముంచేవాడు. పైకి తీసి, తడి ఎంతవరకు వచ్చిందో చూసి, కుడిచేతి రెండు వేళ్ళతో కర్ర చివర తుడిచేవాడు. ఆ వేళ్ళు వాసన చూసేవాడు. తర్వాత నాలుకకు తాకించుకునేవాడు. సముద్రపు నీళ్ళు దిగినా, తుప్పు కలిసినా నాలుకే చెప్పాలట. ఇదంతా అయ్యాకనే రెండో కర్రతో దొడ్డి ట్యాంకు కొలిచేవాడు. దాని తర్వాత మోచేతుల దాకా సబ్బేసి కడుక్కునేవాడు.

ఎంత కడిగితే మాత్రం ఏం? నిన్న ఆ కర్ర పట్టిన చెయ్యే కదా ఇవాళ నోట్లోకి పోయేది. నేను అటు తిరిగి నిలబడేవాణ్ణి. నన్ను కూడా రుచి చూడమంటే ఒక్కనాడూ చూడలేదు.

తర్వాత ఆఫీసువాళ్ళు రెండు ట్యాంకులకూ మీటర్లు పెట్టించారు. బోటు నడిపే సరంగు గదిలో కూర్చుంటే ముల్లు చూసి రాసుకోవచ్చు. నాకు పండగే అయింది. అన్న మాత్రం కర్ర వదల్లేదు. “మీటరుకు ముక్కు లేదబ్బయ్యా. ఎంతుండాదో చెప్తాది, ఏముండాదో చెప్పదు,” అనేవాడు. నేను నవ్వేసేవాణ్ణి.

ఆ చలికాలంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట పోయింది, కుడిచెయ్యి పడిపోయింది. పని నాకిచ్చారు. నేను కర్రలు రెండూ కడిగి మూల పెట్టేశాను. మళ్ళీ ముట్టలేదు.

ఎండలు ముదిరే రోజుల్లో మా బోటుకు అదృష్టం పట్టిందనుకున్నాం. శనివారానికి పావుకు దిగే మంచినీళ్ళు సగం దగ్గరే ఆగుతున్నాయి. దొడ్డి ట్యాంకు కూడా మునుపటంత నిండడం లేదు. నీళ్ళు పొదుపు చేస్తున్నారని సరంగు అందరినీ మెచ్చుకున్నాడు. నేను రెండు అంకెలూ పక్కపక్క గడుల్లోనే రాశాను. ఒకటి ఎందుకు తగ్గడం లేదు, రెండోది ఎందుకు నిండడం లేదు అని కలిపి ఆలోచించలేదు.

ఆ రోజుల్లోనే కడుపులు చెడటం మొదలైంది. మొదట ఇద్దరికి విరేచనాలు. తర్వాత ఇంజను చూసే మస్తాన్‌కు వాంతులు కూడా పట్టుకుని, నెల్లూరు ఆసుపత్రిలో సెలైన్లు ఎక్కించేదాకా వెళ్ళింది. అందరూ వంటమనిషి పెంచలయ్య మీద పడ్డారు. పులుసు ఉప్పగా ఉంటోంది, చారు ఉప్పగా ఉంటోంది, మనిషికి శుభ్రం లేదు అని. ఉప్పు సగానికి సగం తగ్గించానని అతను మొత్తుకున్నా ఎవరూ వినలేదు.

దాచడం దేనికి, అందరికంటే ఎక్కువ చెప్పింది నేనే. అతను గరిటెను లుంగీకి తుడవడం కళ్ళారా చూశానని సరంగుతో అన్నాను. చూసిన మాట నిజమే. సోమవారం నుంచి రావొద్దని ఆఫీసువాళ్ళు పెంచలయ్యకు చెప్పేశారు. అతనికి వేరే ఆధారం లేదు, ఇద్దరు ఆడపిల్లలు. అయినా నాకు జాలి కలగలేదు. కొత్త మనిషి శుభ్రమైనవాడు రావాలని కోరుకున్నాను.

ఆ ఆదివారం మైపాడు వెళ్ళాను. అన్న మంచాన పడ్డాక చూడటం అదే మొదలు. రోగి ఉన్న గది వాసన నాకు పడదని వాయిదా వేస్తూ వచ్చాను. వెళ్ళి చూస్తే ఇల్లు అద్దంలా ఉంది. దుప్పటి ఉతికినది, నేల ఫినాయిలుతో తుడిచినది. ఆయన భార్య మరియమ్మక్క మాత్రం చిక్కి సగమైంది.

మంచం మనిషితో కష్టమేనని నేనేదో అనబోతే ఆమె ఏడ్చేసింది. అన్న కుడిచెయ్యి కంపు కొడుతోందట. ఈస్టరుకు ముందు వారం, మట్టల ఆదివారం నాడు గుడి నుంచి వచ్చిన సాయంత్రం మొదలైందట. రోజూ నాలుగు గంటలకు వచ్చి దీపాలు పెట్టే వేళకు పోతుందట. డెట్టాలుతో కడిగింది, నిమ్మచెక్కలతో రుద్దింది. డాక్టరు చూసి పుండు లేదు, చీము లేదు అన్నాడు. ఆమె సరిగా కడగడం లేదని ఆడబిడ్డ చుట్టాలందరికీ చెప్పుకుంటోంది. ఆమెకు అదీ బాధ.

నేను గోడ గడియారం చూశాను. నాలుగు కావస్తోంది. సెలవు తీసుకుని లేవబోయాను.

“కూర్చో అబ్బయ్యా. నువ్వన్నా వాసన చూసి చెప్పు. నాలుగింటికే వస్తాదంటే నాకు పిచ్చి పట్టినాదేమో అనుకుంటాండారు,” అంది.

తప్పించుకునే దారి లేకపోయింది. మొదట ఏమీ లేదు. డెట్టాలు వాసన, అంతే. కాసేపటికి వచ్చింది. ముందు తియ్యగా, చవక సబ్బులాగా. దాని వెనకాలే అసలుది.

అది మా నీలం మందు. రోజూ పీల్చే ముక్కు నాది, పొరపడదు. అది ఆఫీసు నుంచి డబ్బాల్లో మా బోటుకు వచ్చే సరుకు. మైపాడు అంగళ్ళలో దొరకదు. అన్న బోటెక్కి నాలుగు నెలలు దాటింది. మా వాళ్ళెవరూ ఈ మధ్య ఆ ఇంటికి వెళ్ళలేదు. తర్వాత అందరినీ అడిగాను.

అన్న నన్నే చూస్తున్నాడు. ఎడమచేత్తో తన కుడిచెయ్యి ఎత్తి పట్టుకున్నాడు. చచ్చుబడిన ఆ రెండు వేళ్ళను నా నోటి దగ్గరకు తెచ్చాడు.

నేను పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకున్నాను. అక్క నీళ్ళిస్తే పుక్కిలించి, చెప్పకుండానే బస్సెక్కేశాను. మంచాన పడ్డ మనిషి మీద, నాకు పని నేర్పినవాడి మీద, నాకు కలిగింది ఒట్టి అసహ్యం. ఉన్నమాట చెప్తున్నాను.

బస్సులో ఆ వేళ్ళే కళ్ళ ముందు కదిలాయి. అవి ఆయన మంచినీళ్ళు చూసే వేళ్ళు. వాటికి దొడ్డి ట్యాంకు వాసన ఎందుకు వస్తోంది? అక్కడి నుంచి ఆలోచన పెంచలయ్య ఉప్పు దగ్గరకు పోయింది. ఇంటికి పోకుండా తిన్నగా రేవుకు వెళ్ళాను.

మంచినీళ్ళ ట్యాంకు మూత తీసి, మూల పడున్న కర్ర ముంచాను. చివర రెండు వేళ్ళతో తుడిచి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అదే తీపి, అదే కంపు. నాలుకకు తాకించలేకపోయాను. ఆ అవసరం కూడా లేదు. అంతకుముందు రోజు పొద్దున కూడా ఆ నీళ్ళతోనే పళ్ళు తోముకున్నాను, పేస్టు ఘాటులో తెలియలేదు. వారాల తరబడి ఆ నీళ్ళ పులుసు రెండోసారి అడిగి మరీ పోయించుకున్నాను.

సరంగుకు ఫోన్ చేశాను. మర్నాడు బోటు కదల్లేదు. ట్యాంకు ఖాళీ చేసి చూస్తే, దొడ్డి గొట్టం మంచినీళ్ళ ట్యాంకు లోపలి నుంచే పోతోంది. ఆ బోటు ఎవడు కట్టాడో గాని వాడి కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకోవాలి. గొట్టం అడుగున తుప్పు తినేసి చిటికెన వేలు పట్టేంత చిల్లు ఉంది. దొడ్డిలో నీళ్ళు కొట్టినప్పుడల్లా కొంత ఇటే పడుతోంది. మంచినీళ్ళు తగ్గకపోవడానికీ, దొడ్డి ట్యాంకు నిండకపోవడానికీ కారణం అదే. పుస్తకం తిప్పి చూస్తే, అంకెలు మారడం మట్టల ఆదివారం తర్వాత రాసిన మొదటి వారంలోనే కనిపించింది.

పెంచలయ్యను పిలిపించి పనిలో ఉంచుకున్నారు. నేను అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాను. అతను కోపం తెచ్చుకోలేదు. ఒక్కమాట మాత్రం అడిగాడు.

“నా గరిటె సంగతి చెప్పినావు, బాగుండాది. నీ కర్ర తడిసి ఎన్నాళ్ళయినాదన్నా?”



గొట్టం మార్చి, ట్యాంకు మూడుసార్లు కడిగిన రోజు రాత్రి మరియమ్మక్క ఫోన్ చేసింది. ఆ సాయంత్రం వాసన రాలేదని చెప్పింది. రేవులో మేం ఏం చేశామో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇది జరిగి రెండేళ్ళు. పాత వాసన చర్మంలో ఉండిపోయి ఉంటుందని డాక్టరు అన్నాడు. మూడు నెలలు ఊరుకుని సరిగ్గా ఆ వారమే ఎందుకు బయటపడిందంటే ఆయన చెప్పలేదు. పాస్టరు గారు ఇంకోటి చెప్పారు, మా అమ్మ ఇంకోటి చెప్పింది. నాకు ఏదీ కుదరలేదు. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. అన్న బతికే ఉన్నాడు, ఆయన్ను దయ్యం అనడానికీ లేదు.

ఇప్పుడు రోజూ నాలుగింటికి మీటరు చూస్తాను. కర్ర ముంచుతాను. వేళ్ళు వాసన చూసి నాలుకకు తాకిస్తాను. పెంచలయ్య టీ పెట్టి గ్లాసు పక్కన ఉంచుతాడు.

తర్వాత అక్కకు ఫోన్ చేస్తాను. సిగ్నలు లేకపోతే దొరికేదాకా ఆగుతాను. ఆమె అన్న చెయ్యి వాసన చూసి, ఏమీ లేదబ్బయ్యా అంటుంది. అప్పటికి టీ చల్లారిపోయి ఉంటుంది. అప్పుడు తాగుతాను.