మేకమాంసం మూట
కలహారి ఎడారి దారిలో లారీ ఎక్కాలంటే కెదిబోన్యే చేయి చాపి, అరచేయి నేలకు తిప్పి, కోళ్లను అదిలించినట్టు ఊపుతుంది. బండి ఆగేదాకా ఆ చేయి దిగదు. ఇవాళ ఐదు గంటలు ఎండలో నిలబడ్డాక ఒక లారీ ఆగితే ఎక్కింది. పశువుల రోగాలు పాకకుండా కట్టిన కంచె గేటు దగ్గర అందరూ దిగి, చెప్పులు మందునీళ్లలో తడిపారు. కాపలావాడు ఆమె మూట విప్పాడు.

"పచ్చిమాంసం దాటనివ్వం పెద్దమ్మా, పారెయ్."

"నా కూతురు బాలింత. దానికోసం కోసిన మేక. కాలిస్తే?"

"కాలిస్తే సరే."

"నేనాగలేను," అన్నాడు డ్రైవరు.

"నిన్నాగమన్నదెవరు? చల్లగా వెళ్లు నాయనా."

లారీ పోయింది. ఆమె ముళ్లకంప ఏరి మంట పెట్టింది. వాసనకు కాపలావాడు దగ్గరికొచ్చి ఒక్క ముక్క అడిగాడు.

"బాలింతది బాబూ. ఎముక చీక్కో."

మూట కట్టుకుని గేటు దాటి, మసి చేయి చాపి మళ్లీ ఊపసాగింది.