నమలని కుందేలు

పొద్దున్నే జంతువుల ఆస్పత్రి తలుపు తియ్యగానే డాక్టరమ్మ చేసే మొదటి పని, లైటైనా వెయ్యకుండా బోనుల ముందు చతికిలబడి చెవులు రిక్కించడం. కుందేళ్ళు ఎండుగడ్డి నములుతున్న చప్పుడు కరకరమని వినబడితే, "దేవుడు చల్లగా చూశాడు" అనుకుని లేచేది.

"ఇంట్లో మీ ఆయన తిన్నారో లేదో ఎప్పుడైనా ఇలా విన్నారా మేడమ్?" అని నర్సు ఆటపట్టించేది. అంటూనే ఆమె కోసం ఓ గ్లాసు టీ బల్ల మీద మూతపెట్టి ఉంచేది.

ఆ రోజు చివరి బోను పలకలేదు. అందులో ఉన్నది ముసలి దర్జీ తెచ్చిన కుందేలు. ముందురోజే డాక్టరమ్మ దాని దవడ కోసి, కుళ్ళిన రెండు పళ్ళు పీకింది. కుందేలుకు పట్టే చీము కారిపోయే రకం కాదు, వెన్నముద్దలా గట్టిపడి ఎముకలో తిష్ఠ వేస్తుంది. అదంతా గీకి తీసి, గాయాన్ని తెరిచే ఉంచింది.

"కుట్లు వెయ్యలేదేం తల్లీ? నన్ను పిలిస్తే నేనే వేసి పెడుదునుగా!" అన్నాడు దర్జీ అప్పుడు.

"కుట్టేస్తే చీము లోపలే నిలుస్తుంది బాబాయ్. రోజూ కడగాలి" అంది నవ్వుతూ.

ఇప్పుడు నవ్వు రాలేదు. పిచికారీతో జావ పోస్తే పెదవి చివర నుంచి కారిపోయింది. మళ్ళీ ఎక్స్‌రే తీసింది. రెండోవైపు దవడ ఎముక కూడా నానిన సున్నపు గోడలా గుల్లబారింది. మందు మార్చి చూసింది, వెచ్చటి గుడ్డ కప్పింది. మధ్యాహ్నానికి అది పళ్ళు నూరడం మొదలుపెట్టింది. కుందేలు ఏడుపు అదే.

దర్జీ వచ్చాడు. సంగతంతా విన్నాడు.

"ఇంత చదువుకున్నావు, ఏదో ఒకటి చెయ్యమ్మా."

"నొప్పి తెలియకుండా శాశ్వతంగా నిద్రపుచ్చడం తప్ప నా చేతిలో ఇంకేం లేదు బాబాయ్."

ఆయన బోను ఊచల్లోంచి వేలు దూర్చి దాని చెవి నిమిరాడు. "సరేనమ్మా, బాధపెట్టకు. అసలెందుకొచ్చింది ఈ రోగం?"

దాచడం ఆమెకు చేతకాలేదు. "వీటి పళ్ళు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలితేనే అరుగుతాయి. మెత్తటి తిండి పెడితే పెరిగి, వాటి వేళ్ళు దవడలోకి దిగి చీము పడుతుంది."

"మా ఆవిడ... గడ్డి గుచ్చుకుంటుందేమోనని పాలల్లో రొట్టె నానబెట్టి తినిపించేది. ఇది ఇంటికి ఎప్పుడొస్తుందా అని గుమ్మంలోనే కూర్చుంది."

డాక్టరమ్మ కుందేలును తువ్వాలుతో సహా తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. సూది చేతిలోకి తీసుకుని ఆగింది.

"నాకో సాయం చెయ్యండి బాబాయ్. పిన్నిగారితో రొట్టె మాట ఎత్తకండి. డాక్టరుకు చేతకాలేదని చెప్పండి."